దీవి చూడాలనుంది, సముద్రమంటే భయం
సందేహాలు - సమాధానాలు

బస్తర్‌లోని నగర్‌నార్ ఉక్కు కర్మాగారం చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు అండమాన్ విహారం గురించి పంపిన సందేహాలివి. అడవులూ కొండలూ జలపాతాల మధ్య ఉండేవారికి సముద్రం కొత్త, కొత్తదాన్ని చూసి జంకడం సహజం. ఒక్కో భయాన్నీ విడిగా తీసుకుని చూద్దాం.

సందేహం: మా పెళ్లై పాతికేళ్లవుతోంది. పిల్లలు అండమాన్‌లో మంచి రిసార్ట్ తీసుకుంటామంటున్నారు. నగర్‌నార్ నుంచి అంత దూరం ఎలా వెళ్తాం, దారిలో ఎక్కడ చిక్కుకుంటాం అన్న ఆలోచనతో నిద్ర పట్టడం లేదు.
– ఒక గృహిణి, నగర్‌నార్

సమాధానం: దిగులు పడకండమ్మా, మీ దారి మీరనుకున్నంత చిక్కుది కాదు. మీకు 16 కిలోమీటర్ల దూరంలోని జగదల్‌పూర్ నుంచి కొత్తవలస–కిరండోల్ మార్గంలో రైల్లోనో, జయపురం, కోరాపుట్, సాలూరు మీదుగా రోడ్డునో విశాఖ చేరవచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజం ఓడరేవుకు చేరడానికి అర్ధ శతాబ్దానికి పైగా వాడుతున్నది ఆ రైలు మార్గమే. అక్కణ్ణుంచి చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా వంటి ఏదో ఒక నగరం చేరి అండమాన్ విమానం ఎక్కాలి. రైలు కొన్ని గంటలు ఆలస్యం కావడం మామూలే. వానాకాలంలో ఈ మార్గంలో కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగిపోతుంటాయి కాబట్టి, రైలు దిగిన రోజే విమానం మాత్రం పెట్టుకోవద్దు. మధ్యలో ఒక రాత్రి ఖాళీగా ఉంచుకోండి.

సందేహం: నేను పోర్ట్ బ్లెయిర్‌కు డబ్బు కట్టాను. ఏజెంటు పంపిన కాగితంలో శ్రీ విజయపురం అని ఉంది. హావ్‌లాక్ బదులు స్వరాజ్ ద్వీప్ అని రాశారు. నేను మోసపోయానా?
– ఒక ఉద్యోగి, నగర్‌నార్

సమాధానం: లేదండీ, ఊళ్లు అవే, పేర్లే మారాయి. 2018 డిసెంబరు 30న హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద, బోర్డుల మీద పాత పేరూ కొత్త పేరూ కలిసి కనిపించడం మామూలే. మీ పీఎన్ఆర్ నంబరు విమాన సంస్థ దగ్గర కనిపించకపోతేనో, ఫోను చేస్తే హోటలువాళ్లు మీ పేరుతో గది లేదంటేనో అప్పుడు వెంటనే ఏజెంటును గట్టిగా అడగండి.

సందేహం: డిసెంబరు చివర్లో వెళ్లాలనుకుంటున్నాం. అత్తగారు తుపాన్ల కాలమని వద్దంటున్నారు. హుద్‌హుద్‌లో విశాఖ ఎలా అయిందో కళ్లారా చూశాం. ఆమె మాట కొట్టిపారేయలేకపోతున్నాను.
– ఒక కోడలు, జగదల్‌పూర్

సమాధానం: మీ అత్తగారి జాగ్రత్తలో అర్థముంది, కానీ మీరు ఎంచుకున్న సమయం మంచిదే. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ అంతకు నాలుగు రోజుల ముందు అండమాన్ దీవులనే దాటి వచ్చింది. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లకు పేరుపడ్డవి, డిసెంబరు మొదటి రోజుల్లోనూ అప్పుడప్పుడు వస్తుంటాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలతో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా సాధారణంగా నీళ్లు నిమ్మళిస్తాయి. మధ్యలో ఒక జల్లు పడితే కంగారు వద్దు. వాతావరణ శాఖ అల్పపీడనం, వాయుగుండం అని చెప్పడం మొదలుపెడితే మాత్రం ప్రయాణం వాయిదాకు సిద్ధపడండి.

సందేహం: మా నాన్నగారికి ఓడ ప్రయాణం జీవితకాలపు కోరిక. విశాఖ నుంచి ఓడలో వెళ్దామంటున్నారు. రెండు మూడు రోజులు నీళ్ల మధ్యే ఉండాలంటే నాకు గుండె దడగా ఉంది.
– ఒక కొడుకు, నగర్‌నార్

సమాధానం: మీ దడ నాకు అర్థమైంది, అయినా ఆ కోరిక తీర్చదగిందే. చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు అండమాన్‌కు నడుస్తాయి. విశాఖ నుంచి దాదాపు రెండున్నర రోజులు పడుతుంది. విశాఖ నుంచి రోజూ ఓడ ఉండదు, తేదీలూ మారుతుంటాయి కాబట్టి ముందు ఓడ ఖాయం చేసుకుని ఆ తర్వాతే హోటలు తీసుకోండి. ఇవి విలాసపు ఓడలు కావు. పెద్దాయనకు క్యాబిన్ టికెట్టే తీసుకోండి. ఓడ దిగాక ఒకట్రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపించడం సహజం, దానంతట అదే పోతుంది. వారం దాటినా తగ్గకపోయినా, మాట తడబడినా, ఒక పక్క బలహీనంగా అనిపించినా డాక్టరును కలవాలి.

సందేహం: అరకు ఘాట్‌లోనే నాకు వాంతులవుతాయి. దీవుల మధ్య తిరిగే పడవల్లో నా గతేమిటి? నా వల్ల అందరి సరదా పాడవుతుందేమోనని భయం.
– ఒక యువతి, నగర్‌నార్

సమాధానం: మీరు ఎవరి సరదా పాడుచేయరు తల్లీ, మీలాంటివారు ప్రతి పడవలోనూ ఉంటారు. కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంటే కదలడం లేదని కళ్లు చెబుతాయి, ఆ పొంతన కుదరకే కడుపు తిప్పుతుంది. శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ప్రయాణం రెండు గంటలకు అటూ ఇటూ మాత్రమే. తేలికగా తినండి, పడవ మధ్యలో కింది అంతస్తులో కూర్చోండి, ఫోను చూడకుండా దూరంగా నింగీ నీరూ కలిసే గీతను చూడండి. డాక్టరును అడిగి వికారం మాత్ర బయల్దేరే ముందే వేసుకోండి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. ఒడ్డు చేరాక కూడా గంటల తరబడి గుక్కెడు నీళ్లు నిలవకపోయినా, మూత్రం తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాలి.

సందేహం: వాతావరణం బాగోక పడవలు ఆపేస్తే దీవిలోనే ఉండిపోతామట కదా. నా సెలవు సరిగ్గా అయిపోయే రోజే తిరుగు విమానం. ఉద్యోగానికి ముప్పేమో.
– ఒక షిఫ్ట్ ఉద్యోగి, నగర్‌నార్

సమాధానం: ముందు ఒక మాట నమ్మండి: పడవ ఆపారంటే మీ ప్రాణం గురించి ఎవరో ఆలోచించారనే అర్థం. గాలి పెరిగినప్పుడు ఒక పూటో, ఒక రోజో పడవలు ఆగడం అక్కడ మామూలే. అందుకే ఆఖరి రాత్రి చిన్న దీవిలో ఉండకండి, శ్రీ విజయపురంలో ఉండండి. సెలవుకు కూడా ఒక రోజు అదనంగా పెట్టుకోండి. పెద్ద పడవలు ఆగిన రోజున చిన్న పడవలో చాటుగా దాటిస్తామని ఎవరైనా అంటే, ఎంత తొందరలో ఉన్నా ఎక్కవద్దు.

సందేహం: 2004 సునామీ టీవీలో చూసిన భయం ఇప్పటికీ పోలేదు. భూకంపాలు వచ్చే చోటికి పిల్లల్ని తీసుకెళ్లడం తప్పేమో అనిపిస్తోంది.
– ఒక తల్లి, నగర్‌నార్

సమాధానం: ఆ దృశ్యాలు చూసిన ఎవరికైనా ఆ భయం ఉంటుందమ్మా, మీరు తప్పేమీ చేయడం లేదు. 2004 డిసెంబరు 26న మన వైపు హెచ్చరించే వ్యవస్థ లేదు. ఆ తర్వాత 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. అండమాన్‌లో చిన్న ప్రకంపనలు తరచూ వస్తాయి, చాలామటుకు ఏ హానీ చేయవు. నిలబడలేనంతగా నేల ఊగినా, ఊగడం చాలాసేపు ఆగకపోయినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి తగ్గినా ఫోనులో కబురు కోసం ఎదురుచూడకుండా పిల్లలతో ఎత్తయిన చోటికి నడవండి. హోటలు చేరగానే ఆ ఎత్తుకు దారి ఎటో అడిగి తెలుసుకుంటే మీ మనసూ కుదుటపడుతుంది.

సందేహం: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. తీరథ్‌గఢ్ జలపాతం దగ్గరే వాణ్ని పట్టుకోలేం. సముద్రంలోకి దిగనివ్వాలా? అక్కడ మొసళ్లు కూడా ఉంటాయన్నారు.
– ఒక తండ్రి, నగర్‌నార్

సమాధానం: దిగనివ్వండి, మీరు చేయి అందేంత దగ్గర ఉంటే చాలు. ఈత కొట్టేవారు ఎక్కువగా ఉన్న చోటే, కాపలా సిబ్బంది చూస్తుండగా, మోకాలి లోతులో ఆడనివ్వండి. అల కాళ్ల కింద ఇసుకను లాక్కుపోవడం మామూలే. నడుము లోతు నీరు మనిషిని లోపలికి ఈడుస్తుంటే మాత్రం ప్రమాదం. ఆ లాగుడుకు ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలి, చేయి ఎత్తి పిలవాలి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్న మాట నిజమే. మడ అడవుల దగ్గర, వాగులు సముద్రంలో కలిసే చోట, హెచ్చరిక బోర్డు ఉన్న చోట, చీకటి పడ్డాక ఎవరూ దిగకూడదు.

సందేహం: నాకు 52 ఏళ్లు, బీపీకి మందు వాడుతున్నాను. ఈత రాదు. పగడపు దిబ్బలు చూడాలని ఆశ. ఈ వయసులో స్కూబా అంటే నవ్వుతారా?
– ఒక ఉపాధ్యాయిని, జగదల్‌పూర్

సమాధానం: ఎవరూ నవ్వరండీ, ఆ ఆశ ఏ వయసులోనైనా అందమైనదే. శిక్షకుడు పక్కనే పట్టుకుని కొద్ది లోతుకు తీసుకెళ్లే పరిచయపు డైవింగ్‌కు ఈత రాకపోయినా చాలాచోట్ల ఒప్పుకుంటారు. బీపీ, ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషను ఉన్నవారు మాత్రం ఇక్కడే డాక్టరు అనుమతి రాయించుకోవాలి. అక్కడ ఇచ్చే ఆరోగ్య పత్రంలో ఏదీ దాచకూడదు. దిగేటప్పుడు చెవులు బిగుసుకున్నట్టు ఉండటం సహజం. నొప్పి పుడితే సైగ చేసి పైకి రావాలి. డైవింగ్ తర్వాత 24 గంటలపాటు విమానం ఎక్కకండి. డాక్టరు వద్దంటే అద్దపు అడుగున్న పడవలో కూర్చుని అవే పగడాలు చూడవచ్చు.

సందేహం: రిసార్ట్‌లో ఒక్క రాత్రి ఖరీదు మాకు నెల ఖర్చు. ఫొటోల్లో ఉన్నట్టు లేకపోతే ఇంట్లో మొహం ఎలా చూపించాలి?
– పేరు రాయని పాఠకుడు, నగర్‌నార్

సమాధానం: కష్టార్జితం ఖర్చుపెట్టేటప్పుడు ఆ బెంగ న్యాయమైనదే, నాలుగు ప్రశ్నలు అడిగితే అది చాలావరకు తీరుతుంది. గదిలోంచి సముద్రం కనిపిస్తుందా? ఎదుటి తీరంలో ఈత కొట్టవచ్చా? ఆటుకు నీళ్లు ఎంత దూరం వెనక్కిపోతాయి? పడవలు ఆగి మేం రాలేకపోతే డబ్బు తిరిగిస్తారా? స్వరాజ్ ద్వీప్‌లో కొన్ని తీరాలు ఆటు సమయంలో రాళ్లూ పగడపు ముక్కలతో బయటపడతాయి, అది మోసం కాదు, ప్రకృతి. శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రాధానగర్ తీరం అందరిదీ, ఏ గదిలో దిగినా ఆ ఇసుక మీద సూర్యాస్తమయం చూడవచ్చు. డిసెంబరులో అక్కడ సాయంత్రం 5 గంటలకే పొద్దు వాలుతుంది కనుక ముందే చేరుకోండి.

సందేహం: మా అమ్మాయికి ఓడల చరిత్రంటే ఇష్టం. సముద్రం మనవాళ్లది కాదని బళ్లో ఎవరో అన్నారట, చిన్నబుచ్చుకుంది. అండమాన్‌లో ఆమెకు చూపించదగ్గవి ఉన్నాయా?
– ఒక తండ్రి, నగర్‌నార్

సమాధానం: మీ పాపను ధైర్యంగా తలెత్తుకోమనండి, సముద్రంతో తెలుగువారి బంధం దాదాపు రెండు వేల ఏళ్లది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాక్కునే కాలంలో, 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి శాసనం వేయించి, నిర్ణీత సుంకం తప్ప ఏదీ తీసుకోనని సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. 1025 ప్రాంతంలో తూర్పు సముద్రాలు దాటిన రాజేంద్ర చోళుడి తంజావూరు శాసనంలో నక్కవరం అనే పేరుంది, అది నికోబార్ అని పండితుల మాట. ఆయన నన్నయను పోషించిన రాజరాజ నరేంద్రుడికి పిల్లనిచ్చిన మామ.

వెళ్లేటప్పుడు విశాఖ తీరంలో కురుసుర జలాంతర్గామిని, శ్రీ విజయపురంలో నౌకాదళం నడిపే సముద్రిక మ్యూజియాన్ని చూపించండి. నికోబార్ వారి హోడీ అనే పడవ ఎక్కడ కనిపించినా ఆగండి, పక్కన కట్టిన తేలుడు కొయ్య అలల్లో దాన్ని ఎలా నిలబెడుతుందో పాప తనంతట తనే కనిపెడుతుంది. 1906 నాటికి పూర్తయిన సెల్యులార్ జైలుకూ తీసుకెళ్లండి. అదే సముద్రాన్ని గోడగా వాడుకుని స్వాతంత్ర్య వీరులను బంధించారు, 1922-24 నాటి రంప తిరుగుబాటులో శిక్షపడ్డ మన్యం బిడ్డలనూ ఆ దీవులకే పంపారు. ఆ గదులు చూసి పిల్లలు కాసేపు మౌనంగా ఉండిపోవడం సహజం. రాత్రి నిద్రలో ఉలిక్కిపడితే మాత్రం దగ్గర కూర్చుని మాట్లాడండి.

సందేహం: జారవా ఆదివాసులను చూపిస్తామని ఒక ఏజెంటు చెబుతున్నాడు. మరొకరు అలా వెళ్తే అరెస్టు చేస్తారంటున్నారు. మాకు అసలు అనుమతి పత్రాలేమైనా కావాలా?
– ఒక పాఠకుడు, నగర్‌నార్

సమాధానం: శ్రీ విజయపురం, స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ చూడటానికి భారతీయులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. ఆదివాసీ రక్షిత ప్రాంతాల సంగతి వేరు. 1956 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం అనుమతి లేకుండా వాటిలో అడుగుపెట్టడం నేరం. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లే రోడ్డు జారవాల అడవి గుండా పోతుంది. అక్కడ బండి ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నిషిద్ధం. మీ సంతకు వచ్చే ధుర్వా, హల్బా, గోండు కుటుంబాలను ఎవరో బస్సు దిగి వింతగా ఫొటోలు తీస్తే మీకెలా ఉంటుందో, ఇదీ అంతే. ఆ మాట చెప్పిన ఏజెంటును వదిలేయండి.

సందేహం: మా అమ్మకు తెలుగు తప్ప రాదు, శాకాహారి. అన్ని రోజులు తిండి లేక, మాట లేక నీరసపడుతుందేమో.
– ఒక కూతురు, నగర్‌నార్

సమాధానం: అమ్మగారికి అక్కడ తెలుగు మాట వినబడుతుంది, నిశ్చింతగా తీసుకెళ్లండి. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో వంద మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగే. శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలున్నాయి. ఇడ్లీ, దోసె, సాంబారన్నం దొరుకుతాయి. కొత్త నీళ్లకు ఒకటి రెండు రోజులు ఆకలి మందగించడం మామూలే. వాడే మందులు పూర్తి రోజులకు సరిపడా, ఇంకొంచెం అదనంగా, చేతిసంచిలోనే పెట్టండి. చిన్న దీవుల్లో ప్రతి మందూ దొరకదు.

సందేహం: నేను ఆరు నెలల గర్భవతిని. ముందే బుక్ చేసుకున్నాం. వెళ్లాలా, మానాలా అని రోజూ ఏడుపొస్తోంది.
– ఒక సోదరి, నగర్‌నార్

సమాధానం: ఏడవకమ్మా, వెళ్లినా మానినా నువ్వు తప్పు చేసినట్టు కాదు. ఏ చిక్కూ లేని గర్భంతో ఈ నెలల్లో విమానం ఎక్కడానికి చాలామందికి డాక్టర్లు ఒప్పుకుంటారు. నెలలు పెరిగాక విమాన సంస్థలు డాక్టరు పత్రం అడుగుతాయి. వేగంగా ఎగిరిపడే స్పీడ్‌బోట్లు, నీటి ఆటలు, స్కూబా మాత్రం పూర్తిగా వద్దు. పెద్ద వైద్యమంటే శ్రీ విజయపురంలోని జీబీ పంత్ ఆసుపత్రే, అందుకని బస ఆ ఊళ్లోనే పెట్టుకోవడం మేలు. రక్తస్రావం, నీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు వద్దంటే యాత్ర వాయిదా వేయి, దీవి ఎక్కడికీ పోదు.

సందేహం: మొన్ననే తిరిగొచ్చాం. కాళ్ల నిండా ఎర్రటి దద్దుర్లు, ఒకటే దురద. మా బాబు జేబులో గవ్వలు, పగడపు ముక్క కూడా ఉన్నాయి. కేసు పెడతారా?
– ఒక తల్లి, నగర్‌నార్

సమాధానం: రెంటికీ కంగారు పడకండి. ఆ దద్దుర్లు తీరాన ఉండే ఇసుక ఈగల కాట్లలా ఉన్నాయి, వారం పది రోజులు దురద పెట్టి తగ్గుతాయి. గోకకుండా చల్లటి గుడ్డ అద్దండి. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. బస్తర్‌లో ఉండేవారు జ్వరాన్ని ప్రయాణపు అలసట అనుకోకుండా మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి. పగడాలకు, కొన్ని రకాల గవ్వలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పసివాడు తెలియక తెచ్చాడు కాబట్టి దగ్గరలోని అటవీశాఖ కార్యాలయంలో ఆ మాటే చెప్పి అప్పగించండి. వెళ్లబోయేవారు తీరంలో దొరికింది తీరంలోనే వదిలి రండి.

సందేహం: మాకు అండమాన్ స్తోమతు లేదు. పిల్లలకు ఒక దీవైనా చూపించలేని తండ్రినయ్యానని బాధగా ఉంది.
– ఒక కాంట్రాక్టు కార్మికుడు, నగర్‌నార్

సమాధానం: పిల్లల కోసం ఇంతగా తపించే తండ్రి ఏ లోటూ చేయలేదు, ఆ బాధ వదిలేయండి. విశాఖ దాకా రైలు టికెట్టుతో సముద్రం చూపించవచ్చు. ఇంకొంచెం ముందుకెళ్తే కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది, ఆ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. దాని పక్కనే కోరంగి, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, 1839 ఉప్పెనలో నాశనమైన ఊరు. అక్కడి మడ అడవి మధ్య చెక్క బాట మీద మీ పిల్లలు నడవగలరు. దీవికి అనుమతి ఉన్న పడవలోనే, అందరికీ లైఫ్‌జాకెట్ ఉంటేనే ఎక్కండి. గాలి హెచ్చరిక ఉన్న రోజున ఒడ్డునే ఆగండి.

పాఠకులందరికీ ఒక మాట: ఈ ఉత్తరాల్లోని భయాల్లో ఎక్కువ భాగం తొందర నుంచి పుట్టినవే. గది ఎంత ఖరీదైనదైనా, పడవకూ విమానానికీ మధ్య ఊపిరి తీసుకునే సమయం లేకపోతే అది విహారం కాదు. మీ సెలవులో ఒక రోజు ఏ పనీ పెట్టుకోకుండా సముద్రం కోసం వదిలిపెట్టండి, వెళ్లొద్దన్న రోజున వెళ్లకండి. ఈ రెండూ పాటిస్తే నగర్‌నార్ నుంచైనా, మరే ఊరి నుంచైనా నిశ్చింతగా బయల్దేరవచ్చు.